ఈ పువ్వు ఎవరి ఊహ?

నరసాపురంలో బొమ్మల మాట ఎత్తితే బాపు గారిని దాటి ముందుకు వెళ్లడం ఎవరి తరమూ కాదు. 1933 డిసెంబర్ 15న సత్తిరాజు లక్ష్మీనారాయణగా ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే. చదువు, కొలువు, సంసారం అన్నీ మద్రాసులో. లా పట్టా పుచ్చుకుని 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. మద్రాసులో అన్నేళ్లు బతికినా ఆయన కుంచె కింద పుట్టిన అమ్మాయి మాత్రం గోదావరి గట్టు దిగలేదు. ఆ వాలుజడ, ఆ పెద్ద కళ్లు, కొంగు నడుముకు దోపుకున్న తీరు, అన్నీ ఇక్కడివే. మొదటి సినిమా ‘సాక్షి’ (1967) తీయడానికి గోదావరి ఒడ్డున ఉన్న పులిదిండిని వెతుక్కుంటూ వచ్చారు. ‘అందాల రాముడు’ (1973) కథనైతే ఏకంగా నది మీదికే ఎక్కించారు. తెలుగువాళ్లకు ‘బాపు బొమ్మ’ అంటే చాలు, ఇంకో వర్ణన అక్కర్లేదు. ఆ బొమ్మ మూల ఉండే రెండక్షరాల సంతకాన్ని అక్షరాలు రాని వాళ్లు కూడా గుర్తుపట్టేవారు.

బాపు ఒక్కరే కాదు. ఎగువన రాజమండ్రిలో దామెర్ల రామారావు వేసిన ‘పుష్పాలంకరణ’లో ఉన్నదీ మన ఇళ్లలోని ఆడవాళ్లే. కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం గారి చిత్రాల్లో నిండు బొట్టుతో, ముదురు రంగు చీరల్లో కనిపించే స్త్రీలు ఉన్నారు కదా, వాళ్లందరి వెనకా తన తల్లి ఉందని ఆయనే చెప్పుకున్నారు. చిన్నప్పుడు ఊరికి వచ్చిన నాటకాల్లో ఆడవేషం కట్టిన నటులు కూడా ఆ బొమ్మల్లోకి వచ్చి చేరారట. లక్ష్మాగౌడ్ గారి గీతల నిండా మెదక్ జిల్లా నిజాంపూర్ పల్లె, అక్కడి మేకలు, మనుషులు, మోటు శృంగారం. విశాఖలో ఏళ్లపాటు పాఠాలు చెప్పిన జి. రవీందర్‌రెడ్డి చేసిన శిరస్సులు మనిషి ఎత్తును మించి ఉంటాయి. కొప్పులో పూలు, కాటుక కళ్లు, ఒళ్లంతా బంగారు పూత. మార్కెట్టులో మన పక్క నుంచి నడిచిపోయే మనిషి ఆ శిల్పంలో అమ్మవారంత అవుతుంది.

వీళ్లంతా నాకు ఇష్టులే. వాళ్ల పని ముందు నిలబడినప్పుడల్లా చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ ఒక సంగతి గమనించండి. నూరేళ్లుగా తెలుగు చిత్రకళకు ప్రేరణ ఎవరంటే అరుగు మీద కూర్చున్న ఆడమనిషి. ఆమె జడను గీశారు, ఆమె చీర రంగు పట్టుకున్నారు, ఆమె కొప్పును శిల్పం చేశారు. ఆమె ఒళ్లో ఉన్న దారపు బంతి, వేళ్ల మధ్య ఆడే సూది మాత్రం ఎవరి దృష్టికీ రాలేదు. “మీ కళకు ప్రేరణ ఏమిటండీ?” అని ఆమెను అడిగినవాళ్లు నాకు తెలిసి లేరు. నరసాపురం లాంటి ఊళ్లో ఈ ప్రశ్న అడక్కపోవడం పెద్ద లోటు. ఎందుకంటే ఇక్కడ వేలాది మంది రోజూ కళను చేతుల్తో అల్లుతున్నారు.

నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో, పంటు ఎక్కి గోదావరి దాటితే సఖినేటిపల్లి, రాజోలు వైపున, మధ్యాహ్నం వంటింటి పని తెమిలాక వీధి అరుగుల మీద, పెంకుటింటి వసారాల్లో లేసు పని మొదలవుతుంది. సామగ్రి ఏముంది? కొస దగ్గర చిన్న కొక్కెం ఉన్న క్రోషే సూది ఒకటి, తెల్ల నూలు దారం బంతి ఒకటి. ఎడమ చేతి వేలికి దారం చుట్టి, కుడి చేత్తో లాగుతూ ముడిలోంచి ముడి తీస్తారు. మాటలు సాగుతుంటాయి, పిల్లాడి మీద కేకలు సాగుతుంటాయి, చెయ్యి మాత్రం ఆగదు. కంటితో లెక్క పెట్టరు, వేలే లెక్క పెడుతుంది. ఒకరు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. ఇంకొకరు ఆ పువ్వులన్నీ చేర్చి దుప్పటిగానో, బల్లగుడ్డగానో కలుపుతారు, అది అతుకుపని. తర్వాత ఏజెంటు వచ్చి పట్టుకెళతాడు. కూలి దారం తూకం మీదో, ముక్క లెక్కనో. పట్నంలో ఉతికి, చలవ చేసి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశాక ఆ దుప్పటి ఓడెక్కుతుంది. ఏ దేశంలో, ఎవరి మంచం మీద పరుచుకుంటుందో అల్లిన మనిషికి తెలియదు. ఆ మంచం వాళ్లకు ఈమె పేరూ తెలియదు.

కరువు తర్వాత వచ్చిన సూది

ఈ విద్య మన నేల మీద పుట్టింది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంతకుముందు గోదావరి డెల్టా అంటే ఈనాటి పచ్చని డెల్టా కాదు. నంద‌న నామ సంవత్సరపు కరువు, 1832-33లో వచ్చినది, ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. ఆ గాయం పచ్చిగా ఉండగానే, 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు మిషనరీలు భార్యలతో సహా ఈ దేశానికి వచ్చి, ఈ డెల్టాలో నరసాపురం కేంద్రంగా స్థిరపడ్డారు. తర్వాత 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్‌రే దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. మొదట నేర్చుకున్నవాళ్లు మాల, మాదిగ పేటల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన పేద స్త్రీలు. సరుకు మిషనరీల చేతుల మీదుగా వాళ్ల దేశపు బంధుమిత్రులకు చేరేది. 1900 నాటికి ఊళ్లోనే ఎగుమతి వ్యాపారం మొదలైంది. అక్కణ్నుంచి లేసు పేటలు దాటి, గోషా పాటించే కాపు ఇళ్ల లోపలికి వెళ్లింది. ఇల్లు కదలకుండా చేసుకునే పని కాబట్టి గౌరవానికి భంగం లేదన్నారు.

ఆ ‘గౌరవం’ ఎంత ఖరీదు పడిందో లోకానికి చెప్పిన మనిషి జర్మనీ నుంచి వచ్చింది. మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో ఇక్కడ తిరిగి, ఇళ్లలో కూర్చుని, లెక్కలు తీసి రాసిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ 1982లో లండన్‌లో అచ్చయింది. ప్రపంచమంతా స్త్రీల శ్రమ గురించి చదువుకునే విశ్వవిద్యాలయాల్లో ఈ ఊరి పేరు తెలిసింది ఆ పుస్తకంతోనే. ఇంటి చాకిరీ అంతా చేసుకుని, ఆపైన రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. వచ్చే కూలి, పొలం పనికి వెళ్లే ఆడమనిషికి ప్రభుత్వం ఖరారు చేసిన కనీస వేతనంలో మూడో వంతుకు కూడా చాలేది కాదు. ఎందుకంటే అది పని కిందే లెక్క కాదు. ఏం చేస్తుంటారమ్మా అంటే “ఇంట్లోనే ఉంటానండి, ఖాళీగా కూర్చోలేక ఏదో అల్లుతుంటానండి” అనే జవాబు ఇవాళ్టికీ వినిపిస్తుంది. వ్యాపారికి ఆ జవాబు ఎంత లాభమో మీస్ పుస్తకం చదివితే అర్థమవుతుంది.

ఆ పుస్తకం మీద నాకు అపారమైన గౌరవం. అయితే అది లేసును శ్రమగా చూసింది, అలా చూడ్డమే దాని ఉద్దేశం. లేసు కళ కూడా. రెండో మాట చెబితే మొదటి మాట పలచబడుతుందని భయపడి చాలామంది ఊరుకున్నారు. నా లెక్కలో రెండూ ఒకే అన్యాయానికి రెండు వైపులు. పని కాదన్నారు కాబట్టి కూలి తగ్గింది. కళ కాదన్నారు కాబట్టి పేరు పోయింది.

వేలికి తెలిసిన లెక్క

గుండ్రటి లేసు మ్యాట్ ఒకటి తీసుకోండి. నడి మధ్యలో చిన్న ఉంగరం వేసి చుట్టూ వరుసలు అల్లుకుంటూ పోతారు. ప్రతి వరుసకూ కుట్లు పెరగాలి. పొట్టి కుట్టయితే వరుసకు సుమారు ఆరు, పొడుగు కుట్టయితే పన్నెండు. పెంచడం తగ్గితే మ్యాట్ గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువైతే అంచు కుచ్చులు తిరుగుతుంది. బల్ల మీద అతుక్కున్నట్టు చదునుగా పడుకోవాలంటే ఎన్ని కుట్లు వేయాలో ఏ పుస్తకమూ చూడకుండా ఈ ఊరి ఆడపిల్లకు పదేళ్లకే తెలిసేది. దారం లావు మారితే లెక్క మారుతుంది, అదీ తెలుసు. విదేశం నుంచి నమూనా ముక్క ఒకటి వస్తే, దాన్ని వెలుతురుకు అడ్డం పట్టుకుని, కన్నాలు చూసి, కుట్టు ఎటు నుంచి ఎటు తిరిగిందో కనిపెట్టి, సాయంత్రానికి అచ్చంగా అలాంటిదే దింపేస్తారు. సంగీతంలో ఒకసారి విని స్వరం పట్టుకునే వాళ్లను విద్వాంసులంటాం.

ఆ కుచ్చులు తిరిగే అంచు సంగతి చూడండి. లాత్వియాలో పుట్టి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన డైనా తైమిన్యా 1997లో క్రోషే సూది పట్టుకుంది. యూక్లిడ్ సూత్రానికి లొంగని ఒక రకం వంపు తలాన్ని విద్యార్థులకు చూపించాలి. కాగితంతో చేస్తే చిరిగిపోతోంది. వరుస వరుసకూ కుట్లను ఒకే నిష్పత్తిలో పెంచుతూ అల్లితే ఆ తలం చేతిలోకి వచ్చింది, మడిచినా నలిపినా పాడవలేదు. లెట్యూస్ ఆకు అంచుల్లో, సముద్రపు పగడాల్లో ఉండే వంపు అదే. దాన్ని చూసి ఆస్ట్రేలియాలో పుట్టిన మార్గరెట్, క్రిస్టీన్ వెర్థైమ్ అనే అక్కచెల్లెళ్లు 2005లో క్రోషేతో పగడపు దిబ్బలు అల్లడం మొదలుపెట్టారు. సముద్రం వేడెక్కి పగడాలు చచ్చిపోతున్నాయన్న బాధ వాళ్లకు ప్రేరణ. దేశదేశాల్లో వేలమంది ఆడవాళ్లు వచ్చి చెయ్యి కలిపారు. 2019లో ఆ అల్లికలు వెనిస్ బియెన్నాలేలో, సమకాలీన కళకు అంతకన్నా పెద్ద వేదిక లేదనే చోట, ప్రదర్శనకు పెట్టారు. పోర్చుగల్ కళాకారిణి జొవానా వాష్కొన్‌సెలూష్ పింగాణీ జంతువుల ఒంటి నిండా క్రోషే లేసు తొడుగుతుంది. 2012లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజప్రాసాదం ఆమె కళాఖండాలకు తలుపులు తెరిచింది.

అదే సూది, అదే దారం, అదే ముడి. అక్కడ గోడ మీద పేరు రాసి, పక్కన వ్యాసం అచ్చేసి, ప్రేరణ ఏమిటని విలేకరులు బారులు తీరుతారు. ఆ కళాకారిణులకు దక్కిన గౌరవం చూసి నాకు సంతోషమే. మన మొగల్తూరు రోడ్డులో అంతటి చెయ్యి ఉన్న మనిషిని మనం ఇంకా ‘లేసు అల్లుకునే ఆవిడ’ అనే అంటున్నాం.

అమ్మకానికి కాని లేసు

సరే, ఆమె ఊహ ఎక్కడుంది? ఎగుమతి దుప్పట్లో వెతికితే దొరకదు. డిజైను పైనుంచి వస్తుంది, కొలత పైనుంచి వస్తుంది, పువ్వుకు ఎన్ని రేకులో కూడా ముందే రాసిపెట్టి ఉంటుంది. అనాసపండు నమూనా, ఐరిష్ గులాబీ అలా వచ్చినవే. అందులోనూ నేర్పు ఉంది, కానీ ఇష్టానికి చోటు తక్కువ.

ఆమె ఊహ కావాలంటే ఇంట్లోకి రండి. కూతురి పెళ్లికి అల్లిన దిండు గలీబులు చూడండి. పాల గిన్నె మీద, మంచినీళ్ల బిందె మీద వేసే గుండ్రటి మూత చూడండి. గాలికి ఎగరకుండా అంచు చుట్టూ రంగుపూసలు కట్టి ఉంటుంది. తలుపు మీద తోరణం, దేవుడి గూటికి తెర, టీవీ మీద గుడ్డ, మనవరాలి గౌనుకు మెడపట్టీ. గడులు గడులుగా అల్లే లేసులో కొన్ని గడులు నింపి, కొన్ని ఖాళీగా వదిలి నెమళ్లను నిలబెడతారు, హంసలను ఈదిస్తారు, ద్రాక్షతీగ పాకిస్తారు, ‘స్వాగతం’ అని తెలుగులో రాస్తారు. చర్చి బల్ల మీద పరిచే గుడ్డలో సిలువ, పూజామందిరం తెరలో దీపం. ఈ ముక్కలకు నమూనా పంపిన వ్యాపారి లేడు. కొలత చెప్పిన ఏజెంటు లేడు. దారం కూడా ఆర్డరు పని నుంచి కొసరుగా మిగిలిందే.

వీటిని కుదురుగా చూస్తుంటే ప్రేరణ ఎక్కడిదో కళ్లకు కనబడుతూనే ఉంటుంది. సంక్రాంతి ముగ్గుల్లోని మెలికలు కనిపిస్తాయి. ముగ్గులో చుక్క చుట్టూ పిండి తిరిగినట్టే ఇక్కడ ఖాళీ చుట్టూ దారం తిరుగుతుంది. ముగ్గు పెట్టిన చెయ్యే లేసు అల్లుతుంది కాబట్టి ఇందులో వింత లేదు. చెరువులోని తామరాకు ఉంటుంది, కొబ్బరి మట్ట చీలికలు ఉంటాయి, చీర అంచులోని మామిడి పిందె ఉంటుంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన కుట్టులోకి గోదావరి ఊళ్లు ఇలా మెల్లగా వచ్చి కూర్చున్నాయి. నేర్పిన దొరసాని దగ్గర ఈ పువ్వులు లేవు. ఎవరో ఒక మనిషి మొదటిసారి ‘ఇలా వేస్తే బాగుంటుంది’ అనుకుంది. పక్కింటావిడ చూసి నేర్చుకుంది. కోడలితో పాటు ఆ పువ్వు ఇంకో ఊరు వెళ్లింది. మొదట అనుకున్న ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఊరికి పేరు, మనిషికి?

పేరు పోవడం ఈ ఊరికి కొత్త కాదు. పంటు ఎక్కే మాధవాయిపాలెం రేవు ఉంది కదా, ఆ పాలెంలో ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం సాగించింది. ఇక్కడ నేసిన మెత్తటి సన్న నూలుగుడ్డకు ఐరోపాలో ‘మడపోలం’ అనే పేరు పడి, ఇవాళ్టికీ జౌళి నిఘంటువుల్లో ఉంది. పాలెం పేరు ప్రపంచమంతా తిరిగింది. నేసినవాళ్లలో ఒక్కరి పేరూ మిగల్లేదు.

2024 మార్చిలో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు, అందరూ జీఐ ట్యాగ్ అనేది, వచ్చింది. ఇది చిన్న విజయం కాదు. చైనా నుంచి వచ్చే మిషను లేసు మార్కెట్టును ముంచెత్తుతున్న కాలంలో, ఇది చేత్తో అల్లిందని చట్టం పూచీ పడుతోంది. క్రోషే కుట్టును అచ్చంగా అల్లగల యంత్రం ఇప్పటికీ మార్కెట్లోకి రాలేదు. లోకంలో ఎక్కడ నిజమైన క్రోషే లేసు కనిపించినా దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉండి తీరాలి. జీఐ ఆ చేతిని ఊరి పేరుతో కాపాడింది. మనిషి పేరుతో కాపాడటం ఇక మన వంతు.

దానికి చట్టంలోనే దారి ఉంది. 1999 నాటి జీఐ చట్టం ప్రకారం ఆ సరుకు తయారుచేసే ఎవరైనా ‘అధీకృత వినియోగదారు’గా తన పేరు నమోదు చేయించుకోవచ్చు. ఆ జాబితాలో ఎగుమతి సంస్థల పేర్లతో పాటు లేసు అల్లే ఒక్కొక్క మహిళ పేరూ చేరాలి. కొత్తగా ఊహించిన డిజైనును 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్లు, ఆపైన ఇంకో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. దరఖాస్తు రాయడం, రుసుము కట్టడం ఆమె ఒక్కతీ చేసుకోలేదు. డ్వాక్రా సంఘాలు, సహకార సంఘాలు ఉన్నది ఇలాంటి వాటికే. దుప్పటి మూలన పెట్టే చీటీ మీద కంపెనీ గుర్తు కింద ‘అల్లినవారు’ అని ఒక పేరు, ఒక ఊరు అచ్చువేయడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. చేతితో చేసిన వస్తువుకు ఆ ఒక్క పేరు తోడైతే కొనేవాడు ధర దగ్గర బేరమాడటం తగ్గిస్తాడు. వ్యాపారులకు కూడా లాభం ఉన్న మాట ఇది.

పేరుతో పాటు పనినీ దాచుకోవడం ఎలాగో తెలియాలంటే రాజమండ్రి వైపు ఒకసారి చూడాలి. దామెర్ల రామారావు 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో కన్నుమూశారు. కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిని గుర్తించి ప్రోత్సహించాడు. పోయాక భార్య సత్యవాణి, ఆవిడా చిత్రకారిణే, మిత్రుడు వరదా వెంకటరత్నం కలిసి ఆ బొమ్మలను కాపాడుకొచ్చారు. అలా దాచబట్టి ఇవాళ రాజమండ్రిలో దామెర్ల చిత్రశాల ఉంది, మనం వెళ్లి చూడగలుగుతున్నాం. నరసాపురం లేసుకు అలాంటి గది ఒక్కటి లేకపోతే ఎలా? వ్యాపార ప్రదర్శనశాల గురించి కాదు నేను అంటున్నది. అమ్మమ్మల పెట్టెల్లో ఉన్న ఆ ఇంటి లేసు, అమ్మకానికి ఎన్నడూ వెళ్లని లేసు, గాజు అద్దాల వెనక పేరుతో సహా ఉండే గది. బాపు గారు పుట్టిన ఊళ్లో, ఆయన గీత పక్కనే ఈ దారపు గీత కూడా ఉంటే ఆయనే అందరికన్నా ముందు వచ్చి చూసేవారు.

ఈ పని ప్రభుత్వం కోసం ఆగక్కర్లేదు. నరసాపురం వైఎన్ కాలేజీ పిల్లలు సెలవుల్లో ఒక్కో వీధి పంచుకున్నా మొదలవుతుంది. ముక్కను ఫొటో తీయాలి. అల్లినవారి పేరు, ఊరు, సుమారు ఏ సంవత్సరం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి రాసుకోవాలి. ఆపైన “ఈ పువ్వు ఎక్కడ చూసి వేశారండీ?” అని అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఆవిడ మాటల్లోనే రాయాలి, దిద్దకూడదు. ఇక పెట్టెల్లో లేసు ఉన్నవాళ్లకు ఒక మాట. దాచే ముందు గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఆరేయండి, గంజి ఉంటే పురుగు పట్టి దారం కొరికేస్తుంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దు, చెమ్మ చేరి పసుపు మరకలు పడతాయి. తెల్లటి పాత నూలుగుడ్డలో చుట్టి, ఏడాదికోసారి తీసి మడత మార్చండి. అల్లినవాళ్ల పేరు కాగితం మీద పెన్సిల్‌తో రాసి ఆ మడతలోనే పెట్టండి. పెన్ను సిరా చెమ్మకు కారుతుంది.